సత్యనారాయణమ్మ గారు నమ్మని మాట

సత్యనారాయణమ్మ గారు ఈ లోకంలో ఏ మాటైనా నమ్ముతారు గానీ, "భోజనం అయిందండి" అని ఎవరైనా అంటే మాత్రం చచ్చినా నమ్మరు.

ఆవిడ మా ఊరి అంగన్‌వాడీ కార్యకర్త. మామిడికుదురుకి కాస్త అవతల, గోదావరి పాయ వైనతేయ గట్టు కింద నేను పనిచేసే ప్రాథమిక పాఠశాల ఉంది. ఆ ఆవరణలోనే ఆవిడ కేంద్రం. మా గదికీ ఆవిడ గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. అందుచేత పదకొండేళ్ళుగా ఆవిడ విచారణలో ప్రతిరోజూ మొదటి ముద్దాయిని నేనే.

"టిఫిను చేసేరా మేష్టారూ?"

"ఆయ్, చేసేనండి."

"ఏంటండి?"

"ఇడ్లీ."

"చట్నీ ఏంటండి?"

అక్కడ దొరికిపోయేవాణ్ణి. అబద్ధమాడేటప్పుడు ఇడ్లీ తట్టినంత తొందరగా చట్నీ తట్టదు. నేను తడుముకునేలోగా నా బల్ల మీద ఉప్మా గిన్నె ప్రత్యక్షమయ్యేది. "పిల్లల సరుకు కాదండి, మా ఇంట్లో చేసిందే" అని ఒక వివరణ కూడా.

ఒకసారి తనిఖీకి కుమారి గారని కొత్త సూపర్‌వైజరు వచ్చారు. రిజిస్టరు చూపించమన్నారు. సత్యనారాయణమ్మ గారు ఆవిడ మొహంలోకి చూసి, "మీరు పొద్దున్నించీ ఏమీ తినలేదు కదండీ" అన్నారు.

"తిన్నానమ్మా. రిజిస్టరు..."

"ఏం కూరండి?"

తనిఖీ సగంలో ఆగింది. సూపర్‌వైజరు గారు పిల్లల పక్కన చాప మీద కూర్చుని, సత్యనారాయణమ్మ గారి క్యారేజీలోంచి పప్పూ అన్నం తిని, తర్వాతే రిజిస్టరు చూశారు. అందులో తప్పులేమైనా ఉన్నాయో లేవో నాకు తెలియదు. కడుపు నిండిన మనిషికి కనిపించలేదేమో.

గర్భిణులకి ఇచ్చే గుడ్డు ఎదురుగానే తినాలి. "నమలండి. మింగండి. ఇప్పుడు మాట్లాడండి." కొంగులో దాచి ఇంట్లో పిల్లలకి పట్టుకెళ్ళడం ఆవిడ దగ్గర సాగదు. హాజరు కోసం అందరి ఫొటోలూ ఫోనులో తియ్యాలి కదా, అప్పుడు కూడా గొణుగుడే. "దీనికి మొహం చూపిస్తే చాలండి మేష్టారూ. పొట్ట సంగతి అడగదు!"

మొన్న ఆగస్టులో గోదావరికి వరద వచ్చింది. మాకు ఎదురుగా ఏటి మధ్యనున్న లంక చుట్టూ నీళ్ళు తిరిగిపోయాయి. నాలుగు రోజులు రాకపోకలు లేవు. ఆ లంకలో రత్నం అనే అమ్మాయి ఉంది. భర్త మస్కట్‌లో పని చేస్తాడు. అత్తగారు రమణమ్మతో ఉంటుంది. తొమ్మిదో నెల. మొదట్నించీ రక్తం తక్కువ.

సత్యనారాయణమ్మ గారి కంగారు అంటుజాడ్యం లాంటిది. గట్టెక్కి నీళ్ళు చూడటం, కిందికి దిగి ఫోను చూడటం. ఆవిడతోపాటు నేనూ ఎక్కి దిగుతున్నాను. నాలుగోరోజు పొద్దున్న సిగ్నలు దొరికింది.

"రత్నం! ఎలా ఉన్నావమ్మా? తిన్నావా?"

"ఆయ్, తిన్నానండి."

"ఏం కూర?"

"వంకాయ కూరండి."

ఫోను ఆగిపోయింది. సత్యనారాయణమ్మ గారి మొహం పాలిపోయింది.

"మేష్టారూ, రత్నం తినలేదు."

"తిన్నానంది కదండీ!"

"లంకలో కూరగాయల మళ్ళన్నీ మంగళవారమే మునిగిపోయేయండి. సంత లేదు, పడవ లేదు. వంకాయ ఎక్కణ్ణించొచ్చిందండి?"

ఆవిడ మండలాఫీసుకి ఫోను చేశారు. బోట్లన్నీ పై లంకలకి వెళ్ళాయనీ, రేపు తప్పకుండా పంపుతామనీ చెప్పారు. "అక్కడ అందరి భోజనాలూ అయ్యేయనే చెబుతున్నారమ్మా" అన్నాడు అవతలి మనిషి.

"అందరూ అలాగే చెబుతారండి!" అని అరిచారావిడ. ఆవిడ గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి.

మధ్యాహ్న భోజనం వండే ఆవిణ్ణి బతిమాలి గుడ్లు ఉడికించారు. అన్నం, పప్పు వండించారు. పాల ప్యాకెట్లూ ఖర్జూరాలూ సంచిలో వేశారు. మా ఊళ్ళో సుందరరావుది ఇంజను పడవ. కాస్త ఉరవడి తగ్గింది, తీసుకెళ్తానన్నాడు. అంత తొందరలోనూ అతన్ని ఆపేశారు.

"భోంచేసేవా?"

"ఆయ్."

"ఏం కూర?"

"చేపల పులుసండి."

"చెయ్యి చూపించు." వాసన చూశారు. "సరే, పోనీ." ఆవిడ పరీక్షలో నెగ్గిన మొదటి మనిషి సుందరరావే.

గుడ్ల గిన్నె ఒళ్ళో పెట్టుకుని నేనూ పడవెక్కాను. ఎర్రటి నీళ్ళలో దుంగలు కొట్టుకొస్తున్నాయి. పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా నా ప్రాణం రెండో పక్కకి పోతోంది.

"గుడ్లు జాగ్రత్త మేష్టారూ!"

"నేను పడిపోయినా ఫర్వాలేదాండీ?"

"మీకు ఈత వచ్చు కదండీ."

"రాదండి."

"ఆ మాట ముందే చెప్పొద్దా!" అని ఒక చేత్తో గిన్నె, రెండో చేత్తో నా చొక్కా పట్టుకున్నారు. గిన్నెనే గట్టిగా పట్టుకున్నారని ఇప్పటికీ నా అనుమానం.

రత్నం వాళ్ళది చిన్న డాబా. పైన టార్పాలిన్ కింద వాళ్ళిద్దరితోపాటు పక్క పాకల్లోని ఏడుగురు పిల్లలూ, వాళ్ళ తల్లులూ ఉన్నారు. ఓ మూల తడిసి ముద్దయిన పొయ్యి. రత్నం గోడకి ఆనుకుని కూర్చుంది. పెదవులు తెల్లబడ్డాయి.

మమ్మల్ని చూడగానే రమణమ్మ గారు కొంగు సర్దుకున్నారు. "మాకేం లోటండి? ఇప్పుడే భోజనాలయ్యేయి."

నేను పొయ్యి వైపు చెయ్యి చూపించబోయాను. సత్యనారాయణమ్మ గారు నా చెయ్యి కిందికి నొక్కేశారు.

"అయ్యే ఉంటాయి వదినా. నా పిచ్చి మీకు తెలుసు కదా. కళ్ళతో చూస్తేగానీ నాకు స్థిమితం ఉండదు. నా కోసం ఇంకోసారి తినండి."

"మీ పోరు పడలేమండీ బాబూ" అంటూ రమణమ్మ గారు ముందు పిల్లలకి వడ్డించారు. తర్వాత తను కూర్చున్నారు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. పెట్టించుకున్న ప్రతిసారీ విసుక్కున్నారు. రత్నం రెండు గుడ్లు తింది.

"నాలుగు రోజుల్నించీ రత్నమక్క తన పాల ప్యాకెట్లన్నీ మాకే ఇచ్చేసిందండి" అంది పక్క పాక పిల్ల, ఫిర్యాదు చేస్తున్నట్టు.

సత్యనారాయణమ్మ గారు రత్నం కనురెప్ప కిందికి లాగి చూసి, "పద, ఆస్పత్రికి" అన్నారు. అత్తాకోడళ్ళని పడవలో కూర్చోబెట్టుకుని ఇవతలికి తెచ్చేశాం. మిగిలినవాళ్ళని సుందరరావు మరో రెండు విడతల్లో చేర్చాడు. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ రత్నాన్ని అంబులెన్సులో అమలాపురం పంపించాక గానీ సత్యనారాయణమ్మ గారు కింద కూర్చోలేదు.

అప్పుడడిగాను. "వాళ్ళు తినలేదని మీకు తెలుసు. నన్నెందుకు మాట్లాడనివ్వలేదండీ?"

"పదిమంది ముందూ ఆవిడచేత లేదని చెప్పించడం ఎందుకు మేష్టారూ? నాకే పిచ్చనుకుంటే పోలేదా?"

పదకొండేళ్ళు తిన్న ఉప్మా అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో నెలాఖరు రోజుల్లో పొద్దున్నపూట ఏం తినేవాణ్ణో నాకు తెలుసు. ఆవిడకి కూడా తెలుసని ఆ సాయంత్రమే తెలిసింది.

పన్నెండు రోజులకి రత్నానికి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఆ బరువు సత్యనారాయణమ్మ గారు ఊరందరికీ చెప్పారు.

వరద తీశాక ఒకరోజు రమణమ్మ గారు సరుకుల కోసం కేంద్రానికి వచ్చి, గుమ్మం దగ్గర ఆడవాళ్ళతో అంటున్నారు. "ఏం మనిషండీ బాబూ! శుభ్రంగా తిన్నవాళ్ళని కూర్చోబెట్టి మళ్ళీ తినిపిస్తుంది."

"మా ఇంటికొచ్చినా అంతేనండి. ప్రాణం తోడేస్తుంది" అంది ఇంకొకావిడ.

లోపల రాగిపిండి కొలుస్తున్న సత్యనారాయణమ్మ గారు ఆ తిట్లన్నీ వింటున్నారు. అంత కులాసాగా ఆవిణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు.