తగాదా చెట్టు కొబ్బరినీళ్లు

1979 వేసవిలో నేను విశాఖపట్నంలో సబార్డినేట్ జడ్జిగా చేరాను. చేరిన కొద్దిరోజులకే జిల్లా జడ్జిగారు ఛాంబరుకు పిలిచి ఒక ఫిర్యాదు నా చేతిలో పెట్టి, డిస్క్రీట్ ఎంక్వయిరీ చెయ్యమన్నారు. అంటే అవతలి అధికారి మీద చర్య మొదలుపెట్టకముందే, గుట్టుగా నిజానిజాలు కనుక్కుని నివేదిక ఇవ్వాలి.

ఫిర్యాదు జిల్లాలోనే కింది కోర్టులో పనిచేస్తున్న ఒక కుర్ర మున్సిఫ్ మీద. ఆయనకింకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. ఆ దశలో నడవడి మీద మచ్చ పడితే ఉద్యోగమే పోతుంది. కాబట్టి నేను రాయబోయే రెండు పేజీల మీదే ఆయన బతుకుతెరువు ఆధారపడి ఉంది.

వ్యాజ్యం ఒక కొబ్బరిచెట్టు గురించి. అప్పలస్వామి వాది. సన్నాసిరావు ప్రతివాది, అతని చెల్లెలి మొగుడు. పక్కపక్క ఇళ్లు, మధ్య కంచె, సరిగ్గా కంచెలో చెట్టు. అది ఎవరి హద్దులో ఉందో చూడడానికి మున్సిఫ్ స్వయంగా స్థల తనిఖీకి వెళ్లారు. అలా వెళ్లిన జడ్జి ఏ పక్షం దగ్గరా పచ్చి మంచినీళ్లయినా ముట్టకూడదన్నది మా ఉద్యోగాల్లో కట్టుబాటు. ఈయన సన్నాసిరావు ఇచ్చిన కొబ్బరినీళ్లు తాగారు. అదీ తగాదా చెట్టు కాయే! అప్పలస్వామి ఫిర్యాదు అదే.

నేనడిగితే మున్సిఫ్ ఏదీ దాచలేదు. ఎండకు కళ్లు బైర్లు కమ్మాయట, ఎవరో చేతిలో గ్లాసు పెట్టారట, తాగాక గాని ఎవరిదని అడగాలని తోచలేదట. పాపం, మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

ఎంక్వయిరీ గుట్టుగా సాగాలి కదా అని, కారూ జీపూ వద్దనుకుని, వాళ్ల ఊరు వెళ్లడానికి మద్దిలపాలెంలో భీమిలి బస్సెక్కాను. కాని నా బిళ్ల బంట్రోతు ఇత్తడి బిళ్ల తియ్యనని పట్టుబట్టాడు. బిళ్ల లేకుండా డ్యూటీకి వెళ్లడం అతనికి నామర్దా. బస్సు దిగేసరికి జడ్జీగారొచ్చారని ఊరంతా తెలిసిపోయింది. ఇక గుట్టుకేం మిగిలింది? కంచె పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

అప్పలస్వామి బాధ నిజమైనదే. "మా సెట్టు కాయి, ఆడి సేత్తో తాగేరండి. రేపు సెట్టు ఆడిదే అని రాసేత్తే నానేటి సెయ్యాల?" అన్నాడు. చట్టం చదవకపోయినా వాదన గట్టిగానే ఉంది. తన ప్లీడరు కూడా ఆ రోజు అదే చెట్టు కాయలు రెండు తాగిన సంగతి మాత్రం ఫిర్యాదులో రాయించలేదు.

కాయ ఎవరు దింపారు, ఎవరు కొట్టారు, ఎవరు అందించారు అని వరసగా అడిగాను. అన్నిటికీ సన్నాసిరావు తనేనని ఒప్పుకున్నాడు. మున్సిఫ్ పని అయిపోయిందనుకున్నాను. చివరికి, గ్లాసు ఎవరిదని అడిగాను. అంతవరకు గడపలో కూర్చుని వింటున్న అప్పలస్వామి తల్లి పైడమ్మ లేచి వచ్చింది.

"గళాసు మనింటిదే బాబూ. మా అమ్మి కంచె మీంచి అడిగితే నానే ఇచ్చినాను. ఆ బాబు సొమ్మసిల్లిపోతంటే ఆళ్లదా మనదా అని సూత్తానేటి?" అంది.

కాయ అల్లుడు కొట్టాడు, గ్లాసు కొడుకింటిది! అప్పలస్వామి తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. కంచెకు అటూ ఇటూ జనం పగలబడి నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. ఆ కుర్రవాడు గట్టెక్కాడన్న సంతోషం అందులో సగం.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు అప్పలస్వామి. జడ్జి మీద ప్రమాణపత్రంతో వచ్చిన ఫిర్యాదు దావాలాంటిది కాదని, ఎవరు వద్దన్నా నివేదిక వెళ్లాల్సిందేనని చెప్పాను. లేవబోతుంటే చెరో వైపు నుంచీ చెరో కొబ్బరిబొండం వచ్చింది. రెండూ ఆ చెట్టువే. నా గొంతు పిడచకట్టుకుపోయింది, బంట్రోతు నా వంక దీనంగా చూశాడు. అయినా వద్దన్నాను.

బావా బావమరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఈ బాబుకి గీర ఎక్కువ బావా. ఆ సిన్న జడ్జీగారే మేలు," అన్నాడు అప్పలస్వామి. సన్నాసిరావు అవునన్నాడు. తగాదా మొదలయ్యాక వాళ్లిద్దరూ ఒప్పుకున్న మొదటి సంగతి అదేనని ఊళ్లోవాళ్లు చెప్పారు.

దురుద్దేశం లేదు, పక్షపాతం లేదు, ఇకపై జాగ్రత్తగా ఉండమని చెబితే చాలు అని రాశాను. ఆ మున్సిఫ్ ప్రొబేషన్ సవ్యంగా పూర్తయింది. వ్యాజ్యాన్ని మాత్రం వేరే కోర్టుకు మార్చారు.

తీర్పు ఎలా ఉంటుందో కక్షిదారుకు తెలియదు. జడ్జి ఎవరి అరుగు మీద కూర్చున్నాడో, ఎవరి నీళ్లు తాగాడో కంటికి కనబడుతుంది, దాన్ని బట్టే తూచుకుంటాడు. ఆ తర్వాత నా కింద పనిచేసిన ప్రతి మున్సిఫ్‌కూ ఒకటే చెప్పాను. స్థల తనిఖీకి వెళ్లేటప్పుడు కొలత టేపు మరిచిపోయినా ఫరవాలేదు, ఏదో ఒక పక్షాన్ని అడిగి తీసుకోవచ్చు. మంచినీళ్ల కూజా మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లాలి.