ఎవరూ కూర్చోని మెడిక్ కుర్చీ

ఆఫీసులో అతన్ని అందరూ తూకం అనేవాళ్లు. ఆన్‌లైన్‌లో జట్లు జట్లుగా కాల్చుకునే ఆట ఒకటి వాళ్ల కంపెనీది. అందులో ఎవరికి ఎంత బలం ఉండాలో తూచి నిర్ణయించడం అతని ఉద్యోగం. ఒకణ్ని చంపితే చంపినవాడికి ఎంత హెల్త్, అంటే ఆటలోని ప్రాణబలం, తిరిగి రావాలి? తక్కువిస్తే అందరూ గోడల వెనక నక్కుతారు. ఎక్కువిస్తే బాగా ఆడేవాడు చావనే చావడు. ఈ ఒక్క అంకె గురించి అతను అన్నం ముందు కూర్చుని కూడా ఆలోచించేవాడు. ముందు తినమనీ, చంపడం సంగతి తర్వాత చూసుకోవచ్చనీ భార్య విసుక్కునేది.

ఆట చప్పగా ఉందని పైనుంచి ఒత్తిడి వచ్చింది. అప్పటిదాకా ఒకణ్ని చంపితే పావు వంతు హెల్త్ వచ్చేది. దాన్ని సగానికి పెంచాడు. ఏ మార్పైనా బయటికి వదిలేముందు ఆఫీసంతా జట్లు కట్టి ఆడి చూడటం వాళ్ల పద్ధతి. జట్టుకో మెడిక్ ఉంటాడు. మందుపెట్టె మోస్తూ, దెబ్బలు తిన్నవాళ్లకు హెల్త్ నింపడం తప్ప వాడికి వేరే పనిలేదు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఒక్కరికీ మనసొప్పేది కాదు. తుపాకీ దొరికేచోట మందుపెట్టె ఎవడికి కావాలి? అందుకని ఆ పాత్రను ప్రతిసారీ కంప్యూటర్‌కే అప్పగించేవాళ్లు. ఈసారీ అంతే. అందరూ కేకలు పెడుతూ ఆడారు, తూకంగారు పొంగిపోయారు. తన దగ్గరికి ఎవరూ రాకపోతే కంప్యూటర్ చిన్నబుచ్చుకోదన్న సంగతి అంతమంది తెలివైనవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

అతనికి ఒక అక్క ఉంది. సిటీ బస్సు నడిపేది, నడుం దెబ్బతిని ఇంటిపట్టునే ఉండిపోయింది. పొద్దుపోక తమ్ముడి ఆట మొదలుపెట్టింది. చంపడం తనవల్ల కాదని మెడిక్‌గా చేరింది. ముక్కూ మొహం తెలియని పిల్లలు పిన్నీ, ఇటు రా అని పిలుస్తుంటే ఆవిడకు మళ్లీ బస్సు నిండా జనం ఉన్నట్టుండేది. ఇదంతా తమ్ముడికి ఫోన్లో మురిసిపోతూ చెప్పేది. అతను ఊఁ కొడుతూ తన అంకెలు చూసుకునేవాడు.

కొత్త మార్పు బయటికి వచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం అతను అక్క ఇంటికి వెళ్లాడు. ఆవిడ హెడ్‌సెట్ పెట్టుకుని ఆడుతోంది. తెర మీద జట్టంతా ఆమెను దాటుకుని పరుగెత్తుతోంది. హెల్త్ అడుగంటినవాడు కూడా ఆగడం లేదు. ఎదురుగా ఉన్న ఒకణ్ని చంపితే సగం నిండిపోతుంటే మందు కోసం ఆగే ఖర్మ ఎవరికి? ఆవిడ పెట్టె పట్టుకుని వాళ్ల వెంట పడుతోంది. అతనికి సంగతి అర్థమై మొహం మాడిపోయింది. ఆఫీసులో ఎవరో ఏదో మార్చి ఉంటారని గొణిగాడు. అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది.

అక్క ఆట ఆపకుండానే అంది. "నువ్వేనని నాకు తెలుసులేరా. మిగతా మెడిక్‌లు నిన్ను తిడుతుంటే, మా తమ్ముడు ఊరికే ఏదీ మార్చడు, కారణం ఉండే ఉంటుందని వాళ్లతో గొడవేసుకున్నాను. ఏంటది?"

అక్కకు చెప్పుకోదగ్గ కారణం ఉంటే కదా. అతను తల దించుకున్నాడు.

"ఆడి చూసేటప్పుడు మెడిక్‌గా మేమెవరం కూర్చోలేదక్కా."

ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. హెడ్‌సెట్ తీసి అతని తలకు తగిలించి, నడుం పట్టుకుని లేచి, కుర్చీ చూపించింది. అతను కూర్చున్నాడు. దెబ్బలు తిన్న ఒక్కొక్కడి వెనకా పెట్టె పట్టుకుని పరుగెత్తాడు. ఒక్కడూ ఆగలేదు. చివరికి ఎవడో, అడ్డం లేవమనీ, తుపాకీ పట్టడం చేతకాకపోతే ఇంట్లో పడుకోమనీ అరిచాడు. ఆ అరుపు హెడ్‌సెట్ దాటి గదిలోకి వినిపించింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

అక్క అతని భుజం మీద చెయ్యి వేసింది.

"పట్టించుకోకురా. నన్ను రోజూ అనేదే."