బాగలేని పడవలో మా నాయన

పుదుచ్చేరికి వచ్చేవాళ్ళందరూ ఏటి పడవ ఎక్కి, బాగుందని చెప్పి పోతారు. నేను ఈ ఊళ్ళోనే పుట్టి, ఏడో తరగతికే బడికి దండం పెట్టి, మా నాయన పాత్రల అంగట్లో కూర్చున్నవాణ్ణి. పోయిన ఆదివారం దాకా ఆ పడవ ముఖం చూడలేదు. చూసింది కూడా బాగుంటుందని కాదు, అధ్వానంగా ఉంటుందని మా వీధిలో నలుగురు చెప్పినందుకు.

సంగతేమంటే, మా నాయనకు తిట్టడం ఊపిరి లాంటిది. బిందెకు సొట్ట, సాంబారులో ఉప్పు, కోడలి ముగ్గు, దేనికైనా వంక దొరికేది. గుండెకు జబ్బు చేసి గోరిమేడు ఆసుపత్రిలో పడుకుని వచ్చినాక ఆ నోరు మూతపడింది. ఏం పెట్టినా "బాగుండాది లే" అంటాడు, రెండు ముద్దలు తిని లేస్తాడు. మాడిన ఉప్మా పెట్టి చూసినాం. అదీ బాగుండాదన్నాడు. మా ఆవిడ వంటింట్లోకి పోయి ఏడ్చింది. డాక్టరమ్మను అడిగితే, "గుండె బాగయింది, మనిషే బాగు కాలేదు. యాడికన్నా తీసుకుపో. నాలుగు మాటలు తిట్టినా పరవాలేదు" అన్నది. తిట్టేదానికి ఆ పడవ కన్నా మంచి చోటు నాకు తట్టలేదు.

ఎనిమిదిన్నరకు మేముండే సారంలో బస్సెక్కి, బస్టాండులో మారి, కడలూరు రోడ్డులో ఏటి వంతెన దగ్గర దిగినాం. రేవు పేరు రాయను. దాని గొప్పలు బోర్డు మీద వాళ్ళే చాలా రాసుకున్నారు.

తొమ్మిదిన్నర పడవ పదిన్నరకు కదిలింది. లైఫ్ జాకెట్టు ఇస్తారు, ముందు వేసుకున్నవాడి చెమటతో సహా. నాదానికి తాళ్ళు లేవు. పడవ మునిగితే అదొక్కటీ ఒడ్డుకు చేరుతుంది.

"చూడు నాయనా, దీన్ని జాకెట్టంటారా?"

"ఇచ్చినారు గదరా. బాగుండాది లే."

ప్రకృతి అందాలు చూద్దురు రమ్మని పిలిచి, చెవి పక్కన స్పీకరు పెట్టినారు. కొంగలన్నీ ఇల్లు ఖాళీ చేసి పోయినాయి. మైకు పట్టుకున్నతను "ఎడమ పక్క మడ అడవి" అన్నాడు. వచ్చేటప్పుడు "కుడి పక్క మడ అడవి" అంటాడు. కంగారుపడొద్దు, అదే అడవి.

చిత్తూరు నుంచి వచ్చిన ఒక అక్క ఎదురు సీట్లో కూర్చుని, మా తెలుగు విని పలకరించింది. "మీ నాయన ఎంత నెమ్మదస్తుడు తమ్ముడూ! మా మామయితే ఈపాటికి పడవోణ్ణి ఏట్లోకి తోసేసుంటాడు."

"నీ అదృష్టం అక్కా" అన్నాను. వింతగా చూసింది.

పదకొండుకు సముద్రం పక్కన ఇసుక తిన్నె మీద దించినారు. నీడ అడక్కండి, నీడకు వేరే టికెట్టు. టీ అని ఇచ్చేది వేన్నీళ్ళు, టీపొడికి దూరపు చుట్టం. సవారీకి ఒక గుర్రం ఉంది. దాని మీద ఎక్కే బదులు దాన్నే ఎవరన్నా నాలుగడుగులు మోస్తే పుణ్యం. నేను ఒక్కొక్కటీ నాయనకు చూపించి, గట్టిగా తిట్టి, ఆయన ముఖం చూస్తా ఉన్నాను. ఆయన ఆ టీ మొత్తం తాగి, "అన్నీ బాగుండాయి లేరా. నువ్వు ఊరికే ఆయాసపడొద్దు" అన్నాడు.

నన్ను ఓదార్చినాడు! ఈ మనిషి ఇంక ఇంతే అనిపించింది.

పన్నెండున్నరకు తిరుగు పడవ. రేవు కనబడతా ఉండగా మైకతను ఫోను పట్టుకుని నా ముందుకొచ్చినాడు. "అణ్ణా, మన పడవ గురించి రెండు మాటలు చెప్పండి. వీడియోలో పెడతాం." తిట్టే ఓపిక లేదు. "బాగుండాది. అందరూ రండి" అనేసినాను.

"ఏందిరా బాగుండేది?"

తిరిగి చూసేలోపల నాయన లేచి నిలబడినాడు. "నలభై ఏండ్లు అంగడి పెట్టినా. సొట్ట చెంబును బాగుండాదని ఎవురికన్నా అమ్మినానా? నా కొడుకు నోట ఇంత అబద్ధమా? అందునా ఊరంతా చూసే ఫోన్లో!"

మైకతను ఫోను దించబోయినాడు. "దించొద్దు, పట్టు" అన్నాడు నాయన. "జాకెట్లకు తాళ్ళు లేవు. ముసలోళ్ళు పట్టుకునేదానికి ఒక కమ్మీ లేదు. టీ గిన్నె అడుగు మాడి ఎన్ని దినాలయిందో, తోమే దిక్కు లేదు. ఆ గుర్రానికి పొద్దుట్నించి నీళ్ళు పెట్టినారా? నీకేమన్నా అన్నం పెట్టకుండా ఉండారా?"

అన్నీ చూసినాడు ముసలాయన! ఒక్కటీ వదల్లేదు. లోపలే దాచిపెట్టుకున్నాడు. చిత్తూరక్క సీటు మారి కూర్చుని, "నేనన్న మాట వెనక్కి తీసుకుంటా తమ్ముడూ" అన్నది.

రేవు నుంచి రోడ్డు దాకా నన్ను తిట్టినాడు, గొడుగు తేలేదని, వంగి నడుస్తానని, మా ఆవిడ ఉప్మా మాడబెడితే అడిగే మగోడు ఇంట్లో లేడని. పోదామనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ఆ పడవ డబ్బుకు దండగ, ఎండకు దండగ, చూడదగ్గది ఏమీ లేదు.

బస్టాండులో కాఫీ చెప్పినాను. నాయన ఒక గుక్క తాగి, డికాషను నిన్నటిదని గ్లాసు వెనక్కి పంపినాడు. చక్కెర ఎక్కువని రెండోదీ పంపినాడు. కాఫీ మాస్టరు నా వైపు గుర్రుగా చూసినాడు. సారం బస్సు వచ్చింది, పోయింది. నేను మూడో గ్లాసు చెప్పినాను.