ముంపోళ్లేంది?

గోదావరిఖని బస్టాండులో నాకూ, డ్యూటీ దిగొచ్చిన ఒకాయనకూ మధ్య ఒక అవ్వ కూర్చుంది.

"ఏ ఊరవ్వా?" అడిగాడాయన.

"కోటిలింగాల."

"అయ్యో, డ్యాం నీళ్లల్ల మునిగింది గదా. అయితే మీరు ముంపోళ్లన్నట్టు," అన్నాడు జాలిగా.

అవ్వ ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముంపోళ్లేంది? మునిగింది ఇండ్లు. మేం మునిగినమా? శాతవాహన రాజులేలిన పట్నం మాది. అప్పటి సంది మేం కోటిలింగాలోళ్లమే. ఏదీ, అను!"

ఆయన నవ్వాడు. అవ్వ చొక్కా వదల్లేదు.

"కోటిలింగాలోళ్లు," అన్నాడు చివరికి.

"గట్లనాలె!" అని, సంచి చంకన పెట్టుకుని తన బస్సెక్కి వెళ్లిపోయింది.

"అవ్వ బాగా చెప్పిందండీ," అన్నాను.

ఆయన చొక్కా సర్దుకుంటూ నావైపు తిరిగాడు. "అండీ అంటున్నరు. ఆంధ్రోళ్లా సార్?"

మా తాత కృష్ణా జిల్లా నుంచి గని ఉద్యోగానికి వచ్చాడు. నాన్నా, నేనూ పుట్టింది ఈ ఖనిలోనే, కంపెనీ క్వార్టర్లో. అయినా ఈ ప్రశ్నకు ఎప్పుడూ తలూపి ఊరుకునేవాణ్ని.

"ఖనోళ్లం," అన్నాను.

ఆయన నవ్వాడు.

నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను.