మూడో మలుపు దగ్గర ఎర్రజెండా

రాయపూర్ వెళ్లే దారిలో కుమ్హారి దాటాక, మొరం తవ్వి వదిలేసిన నేల మీద మా రేసు ట్రాక్ పుట్టింది. ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి పారలతో గోతులు పూడ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. సుపేలా పంక్చరు షాపుల్లో పాత టైర్లు అడిగి తెచ్చి మలుపుల్లో పేర్చాం. మొదట్లో స్కూటర్లే పరిగెత్తేవి. తర్వాత రాయపూర్ నుంచి బైకులు వచ్చాయి, క్లబ్బు ఏర్పడింది, దానికో సెక్రటరీ వచ్చాడు. నాకు మూడో మలుపు దగ్గర జెండా ఊపే పని ఇచ్చారు.

ఈ ఏడాది ఆ క్లబ్బు ట్రాక్ చరిత్రంటూ హిందీలో పుస్తకం వేసింది. గోతులు పూడ్చిన మా గురించి ఒక్క ముక్క లేదు. నా ఊసు మాత్రం ఒకచోట ఉంది: జెండా మనిషి పరాకు వల్ల ఒక రైడరు కాలు నుజ్జయిందని.

ఏళ్ల కిందటి మాట. ఆ రోజు మలుపులో ఒక బైకు పడింది. నేను ఎర్రజెండా ఊపాను. వెనక వస్తున్నవాడు ఆగకుండా వచ్చి దాన్ని గుద్దాడు. చరోదా రైల్వే కాలనీలో ఉండే మన తెలుగువాడే, రైలింజను నడిపేవాడు. కాలు పాడయ్యాక అతన్ని ఇంజను ఎక్కనివ్వలేదు, ఆఫీసులో కూర్చోబెట్టారు. నేను జెండా ఊపలేదని సెక్రటరీ అందరి ముందూ అన్నాడు. మళ్లీ నన్ను ట్రాక్ గేటు దాటనివ్వలేదు.

పుస్తకం పట్టుకుని వెళ్తే సెక్రటరీ కసిరాడు. ఆ మాట రైడరే చెప్పాడన్నాడు. నేను నమ్మలేదు. నేరుగా చరోదా వెళ్లాను.

రైడరు కుర్చీ వేశాడు, అతని భార్య టీ తెచ్చింది. పేజీ తెరిచి ముందు పెట్టాను. చదివి మూసేశాడు.

"జెండా సూసేను అన్నయ్యా. దాటీగలననుకున్నాను."

"మరి నాను ఊపనేదని ఎందుకు సెప్పేవు?"

"ఎర్రజెండా సూసి ఆగనోడికి రైలింజనెవడిస్తాడు?"

ఇప్పుడు రిటైరయ్యావు కదా, అదే కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. తన కొడుకు కూడా ఇంజను మీదే ఉన్నాడు, వాడు తలెత్తుకోలేడు, పెట్టనన్నాడు. అతని కాలు చూస్తే జాలి కలగాలి. కలగలేదు. టీ ముట్టకుండా లేచాను. కుంటుతూ గుమ్మం దాకా వచ్చి పిలిచాడు. నేను ఆగలేదు.

మొన్న సుపేలాలో ఎదురుపడి నమస్కారం పెట్టాడు. నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. తిరిగి పెట్టలేదు.