ఎల్ఎన్‌బీకి బొట్టు

మైదుకూరులో నేను బిగించిన డిష్ కదిలిందని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. డీటీహెచ్‌లు ఊళ్లోకి కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ పని నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఇది గొప్ప కాదు, నిజం. మిద్దె మీద నిలబడి డిష్‌ను గోరంత జరిపితే చాలు, బొమ్మ పడాల్సిందే.

అందుకే కిరాణా అంగడి వాళ్ల ఇంటి నుంచి డిష్ పాడైందని కబురొస్తే నమ్మలేదు. కబురు పంపింది అంగడాయన తల్లి. భర్త పోయాక ఆమె పెళ్లిళ్లకూ పేరంటాలకూ పోవడం మానేసింది. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక గుడి కూడా ఆగిపోయింది. పొద్దున్నే టీవీలో హారతి చూశాకే కాఫీ తాగేది. ఆ ఒక్క ఛానలే పది రోజులుగా రావడం లేదు. కోడళ్ల సీరియళ్లు నిక్షేపంగా వస్తున్నాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ తొందర లేదు.

"చూస్తాంలే అంటాండారప్పా అందరూ. నా ఒక్క బొమ్మ పోతే ఎవురికి కావల్ల?" అందామె.

నేను పోయేసరికి మగవాళ్లు అంగడిలో ఉన్నారు, కోడళ్లు ఎవరిదో సీమంతానికి పోయారు. ఇంట్లో ఆమె ఒక్కతే.

మిద్దె ఎక్కగానే సంగతి తెలిసిపోయింది. డిష్ ముందు చేతి చివర ఒక బుడిపె ఉంటుంది, ఎల్ఎన్‌బీ. సిగ్నల్ పట్టేది అదే. ఆయుధపూజ రోజు త్రాసుకూ స్కూటరుకూ చేసినట్టే దానికీ పసుపు రాసి బొట్టు పెట్టారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. బొట్టు వీధిలోకి కనబడాలని బుడిపెను పట్టుకొని పక్కకు తిప్పారు. కొన్ని ఛానళ్ల సిగ్నల్ నిలువుగా, కొన్నిటిది అడ్డంగా దిగుతుంది. బుడిపె మెలి తప్పితే కొన్ని వస్తాయి, కొన్ని పోతాయి. పోయినవాటిలో హారతి ఉంది. పూజ చేసి దేవుణ్ణే పోగొట్టుకున్నారని నవ్వొచ్చింది గానీ, ఆమె ముఖం గుర్తొచ్చి మింగేశాను.

వాళ్ల చిన్న టీవీనీ డిష్ పెట్టెనూ మిద్దె మీదికి మోసుకొచ్చాను. ఆమె మోకాళ్లు పట్టుకుంటూ ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది. తెర మీద సిగ్నల్ ఎంతుందో చూపే రెండు గీతలుంటాయి. పైగీత ఎటు తిప్పినా నిండుగానే కనబడి మోసం చేస్తుంది కాబట్టి, కింది గీత అంకె మాత్రమే చెప్పమన్నాను. నేను తిప్పుతూ పోయాను. నలభై అంది, యాభై అంది. ఎనభై అన్నప్పుడు ఆమె గొంతు మారింది. నేను చెయ్యి ఆపేశాను.

అక్కడ ఇరుక్కుపోయాను. వాళ్లు తిప్పిన తిప్పుడుకు బిగించే మర అరిగిపోయింది. కొత్తది వెయ్యాలంటే చెయ్యి వదలాలి, వదిలితే బుడిపె జారుతుంది. అందుకే అది ఉన్న చోట ముందే గుర్తు గీసుకోవాలి. నేను పెన్సిల్ తేలేదు, అది నా తప్పే. పిట్టగోడ గూట్లో పూజనాటి కుంకుమ భరిణె మరిచిపోయి వదిలేసి ఉంది.

"అవ్వా, ఆ కుంకుమ తీసి ఈడ అతుకు మీద బొట్టు పెట్టు."

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. "నేను పెట్టగూడదప్పా, మొగుడు పోయినదాన్ని. కోడండ్లు రానీ."

నాకు చేతులు లాగుతున్నాయి. కోపమూ వచ్చింది, ఆమె మీద కాదు. "వాళ్లొచ్చేదాకా నేను పట్టుకోలేను. నీ హారతికి నువ్వే పెట్టల్ల."

ఆమె వీధి వైపు ఒకసారి చూసింది. వేలు తడుపుకొని కుంకుమ అద్ది, సగం బుడిపె మీద, సగం దాన్ని పట్టి ఉంచే క్లాంపు మీద పడేలా గుండ్రంగా పెట్టింది. ఎన్నేళ్ల తర్వాత పెట్టిందో గానీ, బొట్టు చక్కగా కుదిరింది. మర మార్చి రెండు సగాలూ కలిపి బిగించాను. తెర మీద హారతి వెలిగింది. ఆమె ఆ వేలిని కొంగుకు తుడుచుకోలేదు, అది నాకు బాగా గుర్తు.

మరుసటి ఏడు దసరాకు ఆ వీధిలో పోతూ, ఎవరైనా మళ్లీ తిప్పారేమోనని ఆగి అడిగాను. పెద్దకోడలు అరుగు మీదనుంచే చెప్పింది.

"ఎవురూ తిప్పలేదప్పా. దానికి మాయత్తే పెట్టింది బొట్టు. ఈ యేడు అంగట్లో త్రాసుకు గూడా ఆమెతోనే పెట్టిచ్చినాం."