గుండుసూదులు లేని నోరు

మా తాతయ్య ప్యాంట్లు కుట్టే టైలరు. పని చేసేటప్పుడు నాలుగైదు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుంటాడు. ఎవరైనా పలకరిస్తే "ఊఁ", "ఊఁహూఁ" తప్ప ఇంకేం రాదు. అమ్మమ్మ పోయాక చేతిలో గుడ్డ లేకపోయినా నోట్లో సూదులుంటున్నాయి. కొట్టు గుమ్మంలో నీడ పడితే చాలు, చెయ్యి సూదుల డబ్బా మీదికి పోతుంది. "ఒక్కరే ఎలా ఉంటున్నారు?" అని అడుగుతారేమోనని భయం. సూదులున్న నోటిని ఎవరూ రెండోసారి అడగరు. నాకు చదువబ్బలేదు గానీ ఇలాంటివి బాగానే కనిపెడతాను.

అలాంటి మనిషికి అరవై దాటాక జ్ఞానదంతం చీము పట్టింది. దవడ బుంగలా ఉబ్బింది.

"పదో తరగతి రెండుసార్లు తప్పినా నాకు రాని జ్ఞానం, నీకు ఇప్పుడొచ్చిందా తాతా?"

"నోర్ముయ్యవే, తింగరిదానా!"

పన్ను తీసెయ్యాలని పళ్ల డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది. తాతయ్య బుద్ధిగా తలూపి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"సూదులెప్పుడు పెట్టుకోవచ్చమ్మా?"

"పంటి వేరు నరం పక్కనే ఉందండీ. పెదవి కొన్ని వారాలు మొద్దుబారి ఉండొచ్చు. స్పర్శ పూర్తిగా వచ్చేదాకా సూదుల మాటెత్తకండి. గొంతులోకి జారినా మీకు తెలీదు."

పన్ను పీకకముందే ఆయన మొహం పాలిపోయింది.

మత్తు ఇంజెక్షను వల్ల నొప్పి తెలియలేదట. లోపలెవరో తలుపు ఊడబెరుకుతున్నంత చప్పుడు మాత్రం వినిపించిందట. తీశాక రక్తం ఆగడానికి గంటసేపు గాజుగుడ్డ కరిచిపట్టుకోమన్నారు. ఆ గంటా హాయిగా ఉన్నాడు మహానుభావుడు! తీసెయ్యమంటే, ఇంకాసేపు ఉండనీమని చేత్తో సైగ చేశాడు.

అమ్మ నన్ను వారం రోజులు కాపలా పెట్టింది. ఉమ్మెయ్యకు, స్ట్రాతో తాగకు, వేడివి ముట్టుకోకు అంటూ పెత్తనం చేశాను. బుగ్గ మీద ఐసుగుడ్డ అద్దాను. మర్నాటి నుంచి ఉప్పునీళ్లు మెల్లగా పుక్కిలి పట్టించాను. మూడో రోజుకి వాపు ఇంకా పెరిగి, తర్వాత తీసింది. పెదవికి మాత్రం స్పర్శ రాలేదు. పాలు గడ్డం మీదికి కారుతున్నా ఆయనకి తెలిసేది కాదు. తుడుస్తుంటే గోడకేసి చూసేవాడు.

కొట్టు తెరిచిన రోజు సూదుల డబ్బా నేనే దాచేశాను. సిటీ బస్సు నడిపే డ్రైవరు ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడు.

"ఏం మాస్టారూ, బాగున్నారా? ఇంట్లో ఒక్కరే... ఎలా గడుస్తోంది?"

తాతయ్య చెయ్యి బల్లంతా తడిమింది. నేను వీధిలోకి చూస్తూ నిలబడ్డాను. ఆయన కొలిచిన కాలే మళ్లీ కొలిచాడు. చివరికి ఆ మొద్దుబారిన మూతితోనే అన్నాడు.

"పగలు గడిచిపోతుందయ్యా. కొట్టు మూశాక ఇంటికెళ్లాలంటేనే... కాళ్లు రావు."

డ్రైవరు ఓదార్చలేదు. టేపుకి అడ్డం రాకుండా కాలు సరిచేసుకున్నాడు.

"సాయంత్రం ఆఖరి ట్రిప్పయ్యాక బండి డిపోలో పెట్టాలి మాస్టారూ. ఖాళీ బండి, నేనొక్కణ్ణే. రాకూడదూ? డిపో నుంచి ఇంటిదాకా నా స్కూటరు మీద దింపుతా."

ఆ సాయంత్రం బస్సు వచ్చి కొట్టు ముందు ఆగింది. తాతయ్య ఎక్కాడు. అన్ని సీట్లూ ఖాళీగా ఉన్నా, రాడ్డు పట్టుకుని డ్రైవరు పక్కనే నిలబడ్డాడు.